బలరాజు మోకాళ్లు

కాలువ లాకుల పక్కన చిన్న చర్చి. దాని వెనకాల పాస్టరుగారి గొర్రెల దొడ్డి. ఆ దొడ్డికి మకుటం లేని మహారాజు బలరాజు అనే పొట్టేలు. తెల్లారితే తాటిమొద్దును కుమ్మడం, కంచె దూకడం, నీళ్ల తొట్టిలో తన మెడ చూసుకుని మురిసిపోవడం, ఇదే వాడి లోకం. సాయంత్రం గంట మోగితే మందంతా మోకాళ్లు మడిచి ప్రార్థనకు కూర్చునేది. మనవాడు సరిగ్గా ఆ వేళకే పరుగు పెట్టుకునేవాడు.

"ఒక్క పూటైనా రారా నాయనా," అంది కరుణమ్మ. మందలో అందరికంటే ముసలి గొర్రె ఆవిడ.

"కండ చల్లారిపోద్దవ్వా! నీకైతే వేరే పనేముంది?"

"నాకూ బలం కావాలి కదరా. నా బలమంతా మోకాళ్ల మీదే ఉంది."

ఆ మాట వాడి చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. ముసల్ది ఇన్నేళ్లు బతికిన కిటుకు మోకాళ్లలో ఉందన్నమాట అనుకుని, మర్నాటి నుంచి గుంజీలు మొదలెట్టాడు! మందంతా ముసిముసిగా నవ్వుకుంది. కరుణమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్లు పెరుగుతోంది గాని లోపల వీడింకా పాలు తాగే పిల్లేనని దిగులుపడింది.

కంచె అవతలి నుంచి గుంటనక్క కూడా ఆ గుంజీలు చూసింది. బలిసిన తొడలు చూసి లొట్టలేసింది. ఒక సాయంత్రం, మంద ప్రార్థనలో కళ్లు మూసుకున్న వేళ చూసి దగ్గరికొచ్చింది.

"దండాలు పహిల్వానుగారూ! పక్కూరి మేకపోతు కంచె అవతలున్న ఈ పచ్చిక మడుగును ఒక్క దూకులో దాటేసిందటండి. మీ వల్ల కాదులెండి."

"నా వల్ల కాదా?"

"అబ్బే, నేనేమన్నా అన్నానా?" అంది నక్క. నక్క వినయమంటే అదే మరి.

అంతే, బలరాజు కంచె దూకి మడుగు మీదికి ఉరికాడు. పైన పచ్చిక, కింద ఊబి. తొడల దాకా దిగబడ్డాడు. బలమంతా పెట్టి తన్నాడు, తన్నినకొద్దీ దిగాడు. ముచ్చటపడి పెంచుకున్న కండే బరువై కిందికి లాగింది. బురద పొట్టకు తగిలేసరికి ప్రాణం మీదికి వచ్చిందని తెలిసింది.

"కానివ్వండి, తొందరేం లేదు. అలిసిపోయాకే వస్తాను," అంటూ నక్క గట్టు మీద తీరిగ్గా కూర్చుంది.

కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చిన కరుణమ్మ కేకేసింది. "తన్నకురా! మోకాళ్లు! మోకాళ్లు!"

"బురదలో గుంజీలెలా తీసేదే అవ్వా!"

"తియ్యడం కాదురా మొద్దూ, వంచు! వంచి, దేవుణ్ణి పిలువు!"

ఎలా పిలవాలో ఎప్పుడైనా నేర్చుకుంటేగా! సిగ్గేసింది. అయినా ముందుకాళ్లు ఎలాగో లాగి మడిచాడు, రొమ్ము బురద మీద ఆనించాడు, కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, నా వల్ల కాదు," అన్నాడు. వాడి నోట ఆ మాట రావడం పుట్టాక అదే మొదలు. తన్నుకోవడం ఆగింది, దిగబడటమూ ఆగింది.

నక్క అది చూసింది. 'మోకాళ్లు వంగాయంటే పనైపోయినట్టే' అనుకుని ఎగిరి దూకింది. ఆత్రంలో వీపు అందలేదు, పక్కనే ఊబిలో పడి గిలగిలా తన్నుకుంది. పాపం, మోకాళ్ల సంగతి దానికెవరూ చెప్పలేదు.

కరుణమ్మ అరుపులకు పాస్టరుగారు చెక్కపలకా తాడూ పట్టుకుని పరుగున వచ్చారు. ఆయన తాడేసి లాగగా గట్టెక్కుతుంటే బలరాజు కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. చూస్తే నక్క తోక!

"నక్క తోక తొక్కావురా, అదృష్టవంతుడివి!" అంది కరుణమ్మ.

"అదృష్టం కాదవ్వా, మోకాళ్లు," అన్నాడు బలరాజు.

మర్నాడు గంట మోగకముందే వాడు మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. పొద్దున్నే మొద్దును కుమ్మడం మానలేదనుకోండి, అది వేరే సంగతి. నక్క ఎలా బయటపడిందో గాని, ఆ దొడ్డిలో ఎవరి మోకాలు వంగినా ఇప్పటికీ తోక ముడిచి పరుగెడుతుంది.

కంచె దాటడానికి కండ చాలు, ఊబి దాటడానికి మోకాలు వంచాలి.