విప్పని ముడి

అనగనగా ఒక అడవి. అడవన్నాక జంతువులు, జంతువులన్నాక పిల్లలు, పిల్లలన్నాక బడి ఉండాలి కదా. ఆ బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఒక స్కౌట్ దళం ఉండేది. దాన్ని నడిపేది దుప్పి మంగతాయి. పిల్లలంటే ఆమెకు ప్రాణం. ఓపిక మాత్రం కాస్త తక్కువ.

ఆ దళంలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ప్రతి పిల్ల మెడలోని రుమాలు కొసకు మంగతాయి ఒక ముడి వేసేది. సాయంత్రంలోపు ఎవరికైనా ఒక మంచి పని చేసి ఆ ముడి విప్పుకోవాలి. పిల్లలు కదా, ఆటల్లో పడి మరిచిపోయేవాళ్ళు. విసుగొచ్చి మంగతాయి ఒకరోజు పందెం పెట్టింది. ముందుగా ముడి విప్పుకొచ్చినవాళ్ళే మర్నాడు కవాతులో జెండా పట్టుకుంటారని చెప్పింది.

ఆ మాట వినగానే ఎలుగు పిల్ల గున్నయ్యకు ప్రాణం లేచివచ్చింది. నడకలో ఎప్పుడూ వాడే ఆఖరు. జెండా కర్రను ఇంతవరకు ముట్టుకోనే లేదు పాపం.

మధ్యాహ్నం కాకముందే కోతి పిల్ల చెంగడు ముడి విప్పుకుని వచ్చాడు. ఏట్లో మునిగిపోతున్న తాబేలు తాతను లాక్కెళ్ళి గుట్ట మీద పెట్టానన్నాడు. వాడి వెనకే నక్క పిల్ల తిప్పడు వచ్చాడు. తీతువు పిన్ని గుడ్డు పోతే వెతికిచ్చానన్నాడు. మంగతాయి ఇద్దరినీ మెచ్చుకుంది. ఇంకేమీ అడగలేదు.

పొద్దు వాలుతుండగా గున్నయ్య రొప్పుతూ వచ్చాడు. ముడి అలాగే ఉంది. మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు.

"పొద్దుట్నుంచి నీకు ఒక్క మంచి పనీ దొరకలేదా?" అని మంగతాయి కసిరింది.

"దొరికిందక్కా. ఇంకా అవలేదు. ఇంటికి ఆలస్యంగా వస్తానని మా అమ్మతో చెప్తావా?" అన్నాడు గున్నయ్య.

ఏమిటా పని అని అడిగితే మెల్లగా చెప్పాడు. తాబేలు తాత గుట్ట దిగి ఏటికి వెళ్తున్నాడు. ఎత్తుకుందామంటే తల తిరుగుతుందని ఒప్పుకోవడం లేదు. అందుకని ఆయన దొర్లిపోకుండా వీడు ముందు నడుస్తున్నాడు. సగం దారిలో ఆయన్ను ఒక బండ పక్కన కూర్చోబెట్టి వచ్చాడు.

మంగతాయి పిల్లలందరినీ వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలో తీతువు పిన్ని ఎదురైంది. మీ తిప్పడు గుడ్డు తెచ్చిచ్చిన మాట నిజమేననీ, దాన్ని ఆకుల్లో దాచిందెవరో కూడా వాడినే అడగమనీ అంది. తిప్పడు తల దించుకున్నాడు.

బండ దగ్గర తాబేలు తాత ఆయాసపడుతున్నాడు. "నేను నీళ్ళలో హాయిగా ఉన్నానమ్మా. మీవాడు కాపాడి ఎండలో పడేశాడు" అన్నాడు.

చెంగడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంగతాయికి ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం తన మీదికే తిరిగింది. పిల్లలకు పందెం పెట్టింది తనే కదా.

"తప్పు నాది కూడా. ఇక పందేలు లేవు. జెండా వంతులవారీగా పట్టుకుందాం" అంది.

తర్వాత అందరూ తాత అడుగుకు అడుగు కలిపి నడిచారు. ఏరు చేరేసరికి చీకటి పడబోతోంది. తాత నీళ్ళలోకి జారాక గున్నయ్య తన ముడి విప్పుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే చెంగడు, తిప్పడు తమ రుమాళ్ళకు మళ్ళీ ముడి వేసుకున్నారు. వాళ్ళను చూసి మంగతాయి కూడా తన రుమాలుకు ఒకటి వేసుకుంది.

మర్నాడు జెండా మొదటి వంతు గున్నయ్యది. నడక మాత్రం తాబేలు నడకే. అయినా తొందరపెట్టినవాళ్ళు లేరు.

నీతి: మంచి పనికి పందెం పెడితే ముడి తొందరగా వీడుతుంది గానీ మంచి జరగదు. పిల్లలకు దారి చూపేవాళ్ళే ముందుగా ఆ సంగతి తెలుసుకోవాలి.