కంఠీరవం డేరాలో బొద్దు చెప్పిన మాట

అనగనగా చెట్టుచెట్టుకీ తేనెపట్టు వేలాడే ఒక అడవి. అందులో బొద్దు అనే ఎలుగుబంటి పిల్ల. వాడికి మనుషుల మాటలు వచ్చు పిల్లలూ! ఇక ఊరుకుంటాడా? దారిన పోయేవాళ్లందరినీ ఆపి కబుర్లు పెట్టేవాడు.

ఒకరోజు ఆ కబుర్లు కంఠీరవం చెవిన పడ్డాయి. వాడు జాతరల్లో డేరా వేసి జంతువులను ఆడించేవాడు. మీసాలు బారెడు, జాలి మాత్రం బెత్తెడు కూడా లేదు. తేనె చూపించి బొద్దుని పిలిచాడు. వలలో బిగించి బండెక్కించాడు.

డేరాలో తెర వెనక ఉన్న బోనులో అప్పటికే ఒక ముసలి కోతి, ఒక బక్క మేక ఉన్నాయి. ఆకలితో వాటి డొక్కలు వీపుకి అంటుకుపోయాయి. కడుపు నిండితే బద్ధకిస్తాయని కంఠీరవం రోజు విడిచి రోజు పిడికెడు మెతుకులే విదిలించేవాడు.

"మా దొర బంగారం, మాకు రోజూ విందే" అనాలని బొద్దుకి నేర్పాడు. మొదట బుజ్జగించాడు. బొద్దు మూతి బిగించాడు. తర్వాత కొరడా ఝళిపించాడు. అయినా పలకలేదు. మూడోసారి చెవిలో చెప్పాడు.

"జనం ముందు ఈ ఒక్క మాట అను. రేపే నిన్ను మీ అమ్మ దగ్గర వదిలేస్తాను."

అమ్మ మాట వినగానే బొద్దుకి ఏడుపు తన్నుకొచ్చింది. సరేనని తల ఊపాడు.

జాతర రోజు డేరా కిటకిటలాడింది. మాట్లాడే ఎలుగుబంటిని చూడండంటూ కంఠీరవం డప్పు వాయించాడు. ఈలలే ఈలలు! ముందు వరసలో మరమరాలమ్మే పైడమ్మ అవ్వ కూర్చుంది. ఎవరు కనబడినా మనం ముందు ఏమడుగుతాం? అవ్వా అదే అడిగింది.

"ఏరా బాబూ, అన్నం తిన్నావా?"

అందరూ చెవులు రిక్కించారు. నేర్పిన మాట బొద్దు నాలుక మీదే ఉంది. అనేస్తే చాలు, అమ్మ దగ్గరికి వెళ్లిపోవచ్చు. ఇంతలో తెర వెనక కోతి తాత మూలుగు వినబడింది. వీళ్లని వదిలి నేనొక్కణ్ణే ఎలా పోను అనుకున్నాడు.

"లేదవ్వా. నిన్నటి నుంచీ తినలేదు. తెర వెనక ఇంకో ఇద్దరున్నారు. వాళ్లూ తినలేదు."

అంతే! జనం ఒక్కపెట్టున లేచి తెర లాగేశారు. ఎండిన డొక్కలు చూశారు.

"అబద్ధం. ఎలుగుబంట్లకు మాటలెక్కడ వస్తాయి?" అని కంఠీరవం బుకాయించాడు.

ఇందాక డప్పు కొట్టిందెవరు మరి? జనం పగలబడి నవ్వారు. వాడు పారిపోబోయి, డేరా తాడు కాలికి తగిలి, మీసాలతో సహా పేడకుప్పలో బోర్లా పడ్డాడు.

జనం బోను తెరిచారు. అవ్వ బుట్టెడు మరమరాలూ గుమ్మరించింది. ముగ్గురూ కడుపారా తిని అడవికి పరుగు తీశారు. కొడుకుని వెతుక్కుంటూ తిరుగుతున్న అమ్మ ఎదురొచ్చి, బొద్దుని గుండెకు హత్తుకుంది.

"అమ్మా, వీళ్లిద్దరూ ఇకనుంచి మనవాళ్లే" అన్నాడు బొద్దు.

నీతి: మనమొక్కరం బయటపడడం కోసం తోటివాళ్ల ఆకలిని దాచకూడదు. ఉన్నమాట ధైర్యంగా చెబితే అందరికీ దారి దొరుకుతుంది.