లూదియకి ఎవరూ ఊ కొట్టలేదు

అనగనగా గోదారి నడుమ ఒక లంక. లంకంటే పది తలల రాక్షసుడిది కాదురా జోయెలూ, నవ్వకు. ఏటి మధ్య ఇసకా ఒండ్రూ పేరుకుని, దాని మీద రెల్లు మొలిచి, ఆ రెల్లు పక్కన మనుషులు గుడిసెలేసుకుంటే దాన్నీ లంకే అంటారు. ఆ లంకలో ముప్ఫై ఇళ్ళు. ముప్ఫై ఇళ్ళకీ కలిపి మిట్ట మీద ఒక తాటాకు ప్రార్థన గుడి. గుడి ముందు వేలాడగట్టిన రైలుపట్టా ముక్క. ఆదివారం పొద్దున దాన్ని కడ్డీతో టంగు టంగున కొడితే అందరూ తలలు దువ్వుకుని మిట్ట ఎక్కాల్సిందే.

ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి. కెజియా, దుప్పటి నోట్లో కుక్కుకుని ఊ అంటే నాకు వినపడదే తల్లీ.

ఆ లంకలో చివరింట్లో లూదియ అనే ఆమె ఉండేది. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు చేపల వేటకెళ్ళి, పడవ తిరగబడి పోయాడు. పిల్లల్లేరు. అత్తామామా అంతకుముందే పోయారు. ఇక మిగిలిందేమిటయ్యా అంటే ఒక మేక, ఒక పొయ్యి, మొగుడు నేర్పిన వలముడి. ఆ ముడి నీళ్ళలో నానినా జారదు, తెలిసిన వేళ్ళకి తప్ప ఊడదు. లూదియ ఉట్టికైనా, మేక మెడకైనా, మూటకైనా ఆ ముడే వేసేది. వేసినప్పుడల్లా ఆయన పక్కనే కూచున్నట్టుండేది.

పక్కిల్లు తోడికోడలు మిర్యాముది. ఆమె పెద్దకోడలు. మొగుడు జక్కరయ్య సంఘపెద్ద. గుడిలో అందరూ చాపల మీద కూచుంటే ఆయనొక్కడికీ బల్ల ఉండేది. ఆయన లేనప్పుడు కూడా దాని మీద పిల్లి తప్ప ఎవరూ కూచునేవాళ్ళు కాదు.

ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. అది దేవుడి పిడికెడు. కోతలయ్యాక కోతపండగనాడు ఎవరి కుండ వాళ్ళు గుడికి తెచ్చి, పాస్టరు గారి ముందు పరిచిన తెల్ల దుప్పటి మీద పోస్తారు. ముందురోజు సాయంత్రం కుండమూతికి గుడ్డ కట్టారా, ఇక దాన్ని గుడిలోనే విప్పాలి. ఆ బియ్యం తిండి లేనివాళ్ళకి పోయేవి.

లూదియ వండుకునేదే ఒక్కపూట. ఆ ఒక్కపూటా మర్చిపోకుండా పిడికెడు తీసేది. మిర్యాముకేమో రెండు పూటలా పెద్ద వంట. ఈ పూటకి తొందరగా ఉంది, రేపు రెండు వేద్దాంలే అనుకునేది. రేపు రెండు, ఎల్లుండి నాలుగు, ఆ ఎల్లుండి ఎనిమిది. పిడికిళ్ళు నోట్లో పెరిగాయి గానీ కుండలో పెరగలేదు. పండగ ముందురోజు చూసుకుంటే కుండ ఖాళీ. గోనె అడుగున మిగిలిన బియ్యం చూస్తే చెమ్మెక్కి, నల్లబడి, పురుగు పట్టి ఉన్నాయి. సంఘపెద్ద పెళ్ళాం అందరికంటే ముందు పొయ్యాలి కదా. ఏం చేస్తుంది?

పండగ పొద్దున లూదియ ఏటికి స్నానానికెళ్ళింది. తిరిగొచ్చేసరికి టంగు టంగున మోగుతోంది. గబగబా కుండ నెత్తికెత్తుకుని మిట్టెక్కింది. ముందు మిర్యాము పోసింది. మల్లెమొగ్గల్లాంటి బియ్యం. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. తర్వాత ఒక్కొక్కరూ పోశారు. చివరికి లూదియ వంతొచ్చి, వంగి ముడి మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే ఆగిపోయింది.

అది తన ముడి కాదు. గేదెని రాటకి కట్టేసే పలుపుముడి. ఎడమకి ఒక మెలిక ఎక్కువ. రోజూ పక్కింటి గేదె మెడకి కనిపించే ముడే.

అందరూ చూస్తున్నారు. విప్పక తప్పలేదు, వంచక తప్పలేదు. తెల్ల దుప్పటి మీద నల్లటి బియ్యం జారాయి. వాటితోపాటు పురుగులూ జారి పాక్కుంటూ పోయాయి.

దేవుడికి పురుగులు తినిపిస్తావా లూదియా అంది వెనకనించి ఎవరో. ఎవరో కిసుక్కుమన్నారు. జక్కరయ్య బల్ల మీదనించి లేచి, నీ బియ్యం ఇక తేనక్కర్లేదమ్మా, నీతో మాకు పని లేదు అన్నాడు. పాస్టరు గారు అవతలి ఒడ్డునించి నెలకోసారి పడవ మీద వచ్చే మనిషి, ఊళ్ళో సంగతులు ఆయనకేం తెలుసు? కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు.

లూదియకి మాట నోటిదాకా వచ్చింది. ఈ ముడి ఎవరిదో చూడండి అంటే చాలు. ఆ ఒక్క మాటా అంటే చాలు. కానీ చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన ప్రభువు మాట ఒకటి గుర్తొచ్చింది. నీకెవరన్నా తప్పు చేస్తే పదిమందిలో పెట్టకు, ముందు నువ్వూ వాళ్ళూ ఉన్నప్పుడే వెళ్ళి చెప్పు అని. మిర్యాము వైపు చూసింది. మిర్యాము చంటోణ్ణి పైటలో దాచుకుని నేలచూపులు చూస్తోంది. లూదియ ఖాళీ కుండ తీసుకుని గుమ్మం దగ్గర చివర చాప మీద కూచుంది. ఆ చాప మీద ఉన్నవాళ్ళు లేచి ముందుకి జరిగారు.

ఊ అనండర్రా.

మర్నాడు లూదియ పక్కింటి గుమ్మంలో నిలబడి, అక్కా, ఒక్క మాట, మనిద్దరమే అంది. లోపల గాజుల చప్పుడైంది. ఊ రాలేదు. తలుపు పడింది.

ఆ తర్వాతేం చెయ్యాలో కూడా ప్రభువు చెప్పాడు. వినకపోతే ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకెళ్ళమన్నాడు. ఎవరొస్తారు లూదియ వెంట? మేకని తీసుకెళ్దామా అని కూడా అనుకుంది పాపం. ఇక చేసేది లేక ఆ మొదటి మాట దగ్గరే ఉండిపోయింది. శనివారం శనివారం వెళ్ళేది, అక్కా అనేది, కాసేపు నిలబడేది, వచ్చేసేది. చలిలో వెళ్ళింది, ఊ లేదు. ఎండలో వెళ్ళింది, ఊ లేదు. మొదటి వాన పడుతుంటే తాటాకు గొడుగేసుకుని వెళ్ళింది, గేదె తలెత్తి చూసింది గానీ ఊ మాత్రం లేదు.

రేవు దగ్గర ఊ లేదు, రెల్లు దగ్గర ఊ లేదు. దారిలో ఊ లేదు, దడి అవతల ఊ లేదు. గుడిలో పాట పాడితే ఆమె గొంతు కలిసేది, పాట అవగానే ఆమె పక్కన ఖాళీ. ఇంటికొచ్చి మేకతో చెప్పుకునేది. మేక మే అనేది. అది ఊ కింద లెక్కకి రాదు కదా. వినే మనిషి లేకపోతే మాట గొంతులోనే ముద్దయి కూచుంటుందమ్మా. కొన్నాళ్ళకి తన గొంతు తనకే కొత్తగా వినపడేది.

దేవుడితో చెప్పుకోలేదా అంటావు. చెప్పుకుంది. పొద్దున్నే లేచి, ప్రభువా, అక్కని క్షమించేశాను అనేది. మధ్యాహ్నం పొయ్యి ఊదుతుంటే ఆ పురుగులు గుర్తొచ్చి కోపం మళ్ళీ రాజుకునేది. సాయంత్రం మళ్ళీ క్షమించేది. ఒక్కసారి చేస్తే అయిపోయే పని కాదది, ఇల్లూడవడం లాంటిది, రోజూ చెయ్యాలి. ప్రభువా, వింటున్నావా అని అడిగేది. ఆయనా ఊ అనలేదు.

ఒకరోజు బియ్యంలోంచి పిడికెడు తీసింది, తీసి చెయ్యి తెరవలేదు. నా బియ్యం ఎవరికీ వద్దుకదా, ఇంకెందుకు ఇది అనుకుంది. పిడికిలి మూసుకుని చాలాసేపు కూచుంది. ఎసరు మరిగి మరిగి సగమైంది. వద్దన్నది జక్కరయ్య బావగారు గానీ ప్రభువు కాదుగా అనుకుని, ఆఖరికి కుండలో వేసింది. కుండ నిండితే కడవలో పోసింది. దేవుడి బియ్యం తను తినకూడదు, గుళ్ళో తీసుకోరు. కడవ మూతికి గుడ్డ కట్టి, వలముడి వేసి, ఎలకలందుకోకుండా ఉట్టిలో పెట్టింది.

కెజియా నిద్రపోయిందా? పోనీలే. జోయెలూ, నువ్వున్నావుగా.

ఆ ఏడు గోదారికి వరదొచ్చింది. మామూలు వరద కాదు. పొద్దున రేవు మునిగింది, మధ్యాహ్నానికి వీధి మునిగింది, మర్నాటికి గుడి మిట్ట తప్ప ఏమీ మిగల్లేదు. గాదెలు పోయాయి, గోనెలు పోయాయి, పొయ్యిలు పోయాయి. మగవాళ్ళందరూ ఉన్న రెండు పడవలూ తీసుకుని తిండి తెస్తామని అవతలి ఒడ్డుకి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు సుడులు చూసి తిరిగి రాలేకపోయారు. మిట్ట మీద ఆడవాళ్ళు, పిల్లలు, మేకలు, ఒక పిల్లి. రెండో రోజుకి పిల్లలు ఆకలికి ఏడుపు కూడా మానేశారు. మిర్యాముకి పాలు రావట్లేదు. చంటోడు నోరు తెరుస్తున్నాడు గానీ గొంతు లేవట్లేదు.

లూదియ తన గుడిసె వైపు చూసింది. నీళ్ళ మీద కప్పు ఒక్కటే తేలుతున్నట్టుంది. ఉట్టి వాసానికి కట్టి ఉంటుంది, కప్పుకి దగ్గరగా. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే వినేదెవరు? చీర బిగించి నీళ్ళలోకి దిగింది. నడుముదాకా, తర్వాత గొంతుదాకా. ఒకావిడ, అదెక్కడికే, చచ్చిపోతావు అని అరిచింది. ఏడు నెలల్లో లూదియతో ఊరు మాట్లాడిన మొదటి మాట అదే.

తిరిగొచ్చేసరికి నెత్తి మీద కడవ ఉంది. అడుగు చెమ్మైంది గానీ మూతి తడవలేదు. గుడిలోకి తెచ్చి సరిగ్గా మిర్యాము ముందు దించింది. పెద్దదానివి నువ్వు, ముందు నువ్వే విప్పాలక్కా అంది.

మిర్యాము ఆ ముడి చూసి, తనని ఎత్తిపొడుస్తోందనుకుంది. తలెత్తి లూదియ మొహంలోకి చూసింది. అక్కడ ఎత్తిపొడుపు లేదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, అంతే. వేళ్ళతో లాగింది, ఊడలేదు. పంటితో లాగింది, ఊడలేదు.

అక్కా, అంది లూదియ మళ్ళీ.

ఊ, అంది మిర్యాము.

అంతే. ఆ ఒక్క ఊ వినేసరికి లూదియ తడిబట్టలతోనే ఆమె పక్కన కూచుంది.

మిర్యాము ముడి వదిలేసి, అందరి ముందూ నోరు విప్పింది. ఆ రోజు పండగ పొద్దున, అంది. అని ఆగిపోయింది. అప్పుడు లూదియ ఊ అంది. నా కుండలో ఏమీ లేదు, అంది మిర్యాము. లూదియ ఊ అంది. ఇది ఏటికెళ్ళడం చూసి దీనింట్లోకి వెళ్ళాను, అంది. ఊ. ముడి ఊడకపోతే తాడు కోసేసి, దీని బియ్యం నా కుండలో పోసుకున్నాను, నా పురుగుల బియ్యం దీని కుండలో పోశాను. ఊ. వచ్చి గుమ్మంలో నిలబడితే తలుపేశాను, తలుపు వెనకాలే నిలబడి ఏడ్చాను, తియ్యలేకపోయాను. ఊ, అక్కా, ఊ. నోరు పెగలనప్పుడల్లా లూదియ ఊ అంటూనే ఉంది, చెయ్యి పట్టుకుని ఏరు దాటించినట్టు కథ చివరిదాకా దాటించింది.

ఆ తర్వాత లూదియే వచ్చి ఒక్క మెలికతో ముడి విప్పింది. దేవుడి బియ్యం మనం తినొచ్చా అని ఒకావిడకి అనుమానమొచ్చింది. తిండి లేనివాళ్ళకే కదా తల్లీ ఇవి, ఇవాళ మనమే వాళ్ళం అంది లూదియ. కట్టెలేవీ అంటే, ఎవరి కళ్ళో జక్కరయ్య బల్ల మీద పడ్డాయి. పిల్లిని లేపి, బల్ల విరగ్గొట్టి, పొయ్యి పెట్టి జావ కాచారు. పల్చటి గంజితేట ముందు మిర్యాముకి పట్టారు, అందులో రెండు చెంచాలు చంటోడికి. పడవలొచ్చేదాకా ముప్ఫై ఇళ్ళ పిల్లలూ ఆ కడవ మీదే బతికారు. జక్కరయ్య వచ్చి, తన బల్ల ఏదని అడగలేదు. చివర చాప మీద కూచున్నాడు, ఆ చాప ఇక ఎప్పుడూ ఖాళీగా లేదు.

లూదియకి మళ్ళీ పెళ్ళవలేదు, మేడా కట్టలేదు. అదే గుడిసె, అదే మేక కూతురు. కానీ శనివారం శనివారం పక్కింటి తలుపు తీసే ఉండేది.

ఈ కథ నాకెవరు చెప్పారో తెలుసా? మిర్యామే. మా నాయనమ్మ ఆవిడ. ఆ చంటోడు మా నాన్న. తన తప్పు తనే మాకు చెప్పేది, చెప్పలేక ఆగిపోయినప్పుడు ఊ అనండర్రా అని అడిగేది. అందుకే అడుగుతాను మిమ్మల్ని. ఎవరన్నా గుమ్మంలో నిలబడి పిలిస్తే ఒక్క ఊ అనండి, ఖర్చేముంది?

దేవుడు మాత్రం ఊ కొట్టడు. వినట్లేదని కాదు.

జోయెలూ. నువ్వూ నిద్రపోయావా. ఊ లేదు. సరే, కథ గోదారి దాటి కంచికెళ్ళిపోయింది, మీరేమో నిద్రలోకి జారిపోయారు. ఇక నేనూ, నా ప్రభువూ.