పట్టు మంత్రం

ఏడు సముద్రాలకు ఇవతల, మన తాతల తాతలకు కూడా తెలియని కాలంలో, కేతుగిరి అనే పట్టణాన్ని శంఖకేతు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు నాగకేతు, నడిమివాడు రత్నకేతు, చివరివాడు మణికేతు.

ఒకనాడు కొడుకులు ముగ్గురూ వేటకు వెళ్ళినప్పుడు కంకాళుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు. రాజు సింహాసనం దిగి ఎదురు రాలేదని అలిగాడు. అలిగినవాడు ఊరికే పోతాడా? రాజునీ, రాణినీ, బిడ్డకు పాలు పడుతున్న తల్లినీ, ఆ ఒళ్ళో బిడ్డనీ, ఊరు ఊరంతా రాయి చేసి పోయాడు. రాకుమారులు తిరిగొచ్చి తల్లి పాదాలు ముట్టుకుంటే చల్లగా రాయి తగిలింది.

పెద్దవాడు కత్తి పట్టుకుని ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడు విసిరిన మంటలో బూడిదయ్యాడు. నడిమివాడు విల్లు పట్టుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకు ఒక సముద్రపు తాబేలు అతన్ని వీపు మీద మోసుకొచ్చి ఒడ్డున దించింది. ఒళ్ళు సగం కాలిపోయి ఉంది.

మణికేతు అన్నను అడవిలో మూలికలు ఏరుకునే పేరమ్మ గుడిసెకు చేర్చాడు.

"తమ్ముడూ, నా బాణం వాడి భుజంలో దిగిందిరా. దిగిన క్షణంలో వాడి పంజరంలో చిలుక కాళ్ళకు వెండి పట్టీలు కనిపించాయి. మళ్ళీ మాయమయ్యాయి," అన్నాడు రత్నకేతు. ఆ మాట అంటూనే ఎగశ్వాస పట్టింది.

పేరమ్మ మణికేతును పక్కకు పిలిచింది.

"నాయనా, విసురు మంత్రం విసిరితే అయిపోతుంది. పట్టు మంత్రం మనసులో పట్టుకున్నంతసేపే ఉంటుంది. ఒక మనసులో ఒక్కటే నిలుస్తుంది. రెండోది పట్టావో, మొదటిది జారిపోతుంది. దెబ్బ తగిలినా జారొచ్చు. జారితే, ముందు ఏది ఎలా ఉండేదో అలా అయిపోతుంది. మీ అన్న ఊపిరి నిలిపే మంత్రం నీకిస్తాను. నా పసరుకు పుండ్లు మానేదాకా పట్టుకో. నా మతిమరుపు మనసులో ఏదీ నిలవదు."

పుండ్లు మానేదాకా కూర్చుందామంటే వానలు మొదలయ్యాయి. కోటగుమ్మం దగ్గర కాపలావాడి విగ్రహం మీద పిడుగు పడి రెండు ముక్కలైంది. ఇక వాడు మనిషి కాడు. ఆ పక్కనే రాణి విగ్రహం ఉంది. మణికేతు మంత్రం మనసులో పట్టుకునే, నడుముకు కత్తి కట్టుకుని తాబేలు వీపు ఎక్కాడు.

ఒక సముద్రంలో అల వచ్చి కొట్టింది, పట్టు వదల్లేదు. ఒక సముద్రంలో చేప ముల్లు కాలిలో దిగింది, పట్టు వదల్లేదు. ఒక సముద్రంలో తాబేలే కబుర్లు మొదలుపెట్టింది.

"ఆ మాంత్రికుడు నా పిల్లల్ని కూర వండుకు తిన్నాడు అబ్బాయీ. వింటున్నావా? ఇంత పలకని మనిషిని నేనెక్కడా చూడలేదు!"

ఆ కబుర్లకూ పట్టు వదల్లేదు.

దీవి చేరేసరికి కంకాళుడు వంటింట్లో భోజనం చేస్తున్నాడు. ముందు గదిలో పంజరంలో చిలుక, "కేతుగిరి రాయి, కేతుగిరి రాయి," అని ఆపకుండా గొణుగుతోంది. మణికేతుకు అర్థమైంది. మాంత్రికుడి మనసు పట్టుకున్నది ఈ చిలుకను. ఊరిని పట్టుకున్నది చిలుక మనసు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఈ దీవి రాజు కూతుర్ని, హేమాంగిని. కేతుగిరి రాయి... నన్ను కదిలించకండి. నేను ఆపితే ఆ రాళ్ళు పిండైపోతాయి. అంతమంది ప్రాణాలు! నీళ్ళు తాగాలన్నా భయమే."

"ఎవరు చెప్పారు నీకు?"

"కంకాళుడే."

మణికేతుకు ఏడుపొచ్చింది. "అబద్ధం తల్లీ. ఆపితే వాళ్ళు మళ్ళీ మనుషులవుతారు. నేనూ మా అన్న ఊపిరి పట్టుకునే వచ్చాను. వదలడానికి ఎంత భయమో నాకు తెలుసు. ఆ రాళ్ళలో మా అమ్మ ఉంది. అమ్మ మీద ఒట్టు. వదిలెయ్యి."

చిలుక ఆగింది. ఏడు సముద్రాల అవతల రాతి బిడ్డ కేరుమని ఏడ్చింది.

కంకాళుడు ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు. ఆ ఆత్రంలో "కేతుగిరి రాయి!" అని ఊరిని తన మనసుతోనే పట్టుకున్నాడు. అంతే, చిలుక మీది పట్టు జారింది. పంజరం ఫెళ్ళున విరిగి, వెండి పట్టీల పిల్ల నేల మీద పడింది.

మాంత్రికుడు మంట విసిరాడు. మణికేతు ఎడమ చెయ్యి కాలింది. మనసులో మంత్రం జారుతోంది. ఆగి దాన్ని ఒడిసి పట్టుకుంటే అన్న దక్కుతాడు. కానీ కంకాళుడు రెండో మంట హేమాంగి మీదికి ఎత్తాడు. మణికేతు కత్తి ఎత్తాడు. మాంత్రికుడి తల తెగింది. మణికేతు మనసు ఖాళీ అయింది.

రాళ్ళన్నీ మళ్ళీ మనుషులై కేతుగిరిలో డప్పులు మోగుతుంటే మణికేతు ముందు పేరమ్మ గుడిసెకు వెళ్ళాడు.

"పుండ్లు సగం మానాయి నాయనా," అంది పేరమ్మ. "అన్నం ముద్ద నోట పెడుతుంటే నా చేతిలోనే వాలిపోయాడు."

మణికేతు హేమాంగిని పెళ్ళాడాడు. తండ్రి తరవాత రాజయ్యాడు. దేశంలో ఆకలి లేదు, భయం లేదు. కానీ కొలువులోనైనా, భోజనం దగ్గరైనా ఉన్నట్టుండి రాజుగారి పిడికిలి బిగుసుకునేది, పెదవులు కదిలేవి. పోయిన ఊపిరిని ఇంకా పట్టుకునేవాడన్నమాట. అప్పుడు రాణి ఆయన పిడికిలి మీద చెయ్యి వేసి, "వదిలెయ్యండి," అనేది.

కొన్నాళ్ళు వదిలేవాడు. కొన్నాళ్ళు వదల్లేకపోయేవాడు. అలాగే ఇద్దరూ తల నెరిసేదాకా చల్లగా రాజ్యం ఏలారు పిల్లలూ.