నేరేడు రంగు కారు

అనగనగా ఒక పట్నం. రాజులూ పోయి, రథాలూ పోయి, వీధి నిండా కార్లు వచ్చిపడ్డ కాలం నాటి పట్నం అది. అక్కడ మస్తాన్ సాయిబు అనే పెద్దాయన కార్లకు రంగులు వేసేవాడు. ఆయన చేత్తో కలిపిన రంగు ఇంకెవరికీ కుదిరేది కాదు. తన సొంత కారుకు నేరేడుపండు రంగు వేసుకున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు.

ఏళ్లు గడిచాయి. సాయిబుకు చూపు మసకబారింది. రంగులు కలపడం మానేశాడు. కారు మీద సన్నగీతలు పడి మెరుపు తగ్గింది. ఉన్న కాస్త చూపూ పోయేలోగా, ఆ కారు తళతళలాడుతుంటే ఒక్కసారి చూసుకోవాలని ఆయన ఆశ.

ఆ వీధిలోనే గవర్రాజు ఉండేవాడు. పాతికేళ్లు లారీ తోలాడు. కాలు విరిగాక, నలభై అయిదో ఏట, మిషన్ పాలిష్ నేర్చుకుంటానని సాయిబు దగ్గర చేరాడు. మనిషి మంచివాడే. కానీ ఆ వయసులో "నాకు రాదు" అనాలంటే మహా నామోషీ.

సాయిబు ఒక పాత కారు తలుపు తెచ్చి ముందు పడేశాడు.

"చూడబ్బాయ్, పాలిష్ అంటే మెరుపు పుయ్యడం కాదు. రంగును వెంట్రుకవాసి అరగదియ్యడం. అందుకే మూడు మాటలు చెబుతా. దుమ్ము లేకుండా కడుగు. మిషన్ని ఒకేచోట నిలబెట్టకు. అంచుల మీద రంగు పల్చన, వాటికి టేపు అంటించాకే మిషన్ పట్టు."

"అలాగే బాబాయ్" అన్నాడు గవర్రాజు.

పది రోజులు ఆ తలుపు మీదే చెయ్యి ఆడించాడు. పదకొండో రోజున సాయిబు తన కారు చూపించి, "ఇక దీన్ని పట్టుకో" అన్నాడు.

మొదటిరోజు పైకప్పు. బాగా వచ్చింది. రెండోరోజు తలుపులు. ఇంకా బాగా వచ్చాయి. టీ కొట్టు దగ్గరి జనం మూగి, "ఏం పనితనం గవర్రాజూ! ముఖం చూసుకోవచ్చు!" అన్నారు. ఇంకేముంది, మనవాడికి కాళ్లు నేల మీద నిలవలేదు. మూడోరోజు బానెట్ దగ్గరికొచ్చేసరికి, "టేపులూ గీపులూ కొత్తవాళ్లకి" అనుకున్నాడు. అబ్బో, పదమూడు రోజుల పాతకాపు మరి!

మిషన్ బానెట్ అంచెక్కింది. ఒక్క క్షణం, అంతే. కాలిన వాసన వచ్చింది. నేరేడు రంగు పోయి కింది తెల్లపూత బయటపడింది. ఎంతో కాదు, బొటనవేలి గోరంత.

గవర్రాజు మిషన్ ఆపి పక్కన పడేశాడు. పరుగున ఇంటికెళ్లి భార్య గోళ్లరంగు సీసా పట్టుకొచ్చాడు. ముదురు వంగపండు రంగు. గబగబా పూశాడు. కళ్లున్నవాడికి తెలుస్తుంది గానీ, సాయిబుకు తెలియదులే అనుకున్నాడు.

సాయంత్రం సాయిబు వచ్చి, కారు మీద ఎండ మెరుస్తుంటే చూసి మురిసిపోయాడు. "ఎక్కడైనా రంగు లేచిందా అబ్బాయ్?" అని అడిగాడు.

"లేదు బాబాయ్."

మర్నాడు మళ్లీ అడిగాడు. "అంచులు బాగున్నాయా?"

"భేషుగ్గా ఉన్నాయి బాబాయ్."

మూడోరోజు సాయిబు చేతిలో ఒక చిన్న డబ్బా ఉంది. "ఇది ఆనాడు కలిపిన రంగేరా. కాస్త మిగిలితే దాచాను. రేపోమాపో గడ్డకట్టేస్తుంది. కారుకు అక్కర్లేదంటే, వీధి చివర బుచ్చమ్మ తిప్పే రంగులరాట్నం గుర్రానికి వేయిస్తా. పిల్లలు సంబరపడతారు. నిజం చెప్పు, అక్కర ఉందా?"

గవర్రాజు ఆ డబ్బా వైపు చూశాడు. చెప్పేద్దామనుకున్నాడు. కానీ మొన్నా నిన్నా ఏమీ లేదన్న నోటితో ఇవాళ ఉందని ఎలా అనడం?

"అక్కర్లేదు బాబాయ్" అన్నాడు.

కొయ్యగుర్రానికి రంగు వేస్తుంటే దాని కాలు పట్టుకుని నిలబడ్డది కూడా అతనే. కుంచె డబ్బా అడుగు గీకేదాకా అలాగే పట్టుకున్నాడు.

నాలుగు ఎండలు కాశాయి, రెండు వానలు కురిశాయి. గోళ్లరంగు పొట్టులా లేచిపోయింది. రోజూ కారును తడిమి చూసుకునే సాయిబు వేలు ఆ గరుకు మీద ఆగింది. అటూ ఇటూ రాసి చూశాడు. పక్కనే ఉన్న గవర్రాజు తల దించుకుని జరిగిందంతా చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

సాయిబు అన్నాడు, "చెయ్యి తప్పినందుకు నాకేం బాధ లేదురా. కొత్తచెయ్యి ఏదో ఒక అంచు తినెయ్యకుండా ఉండదు. నా ఉస్తాదు బండికి నేనూ తినేశాను. అది తెలిసే కదా, నీకోసమే ఆ డబ్బా బయటికి తీశాను. మూడుసార్లు అడిగాను కదరా!"

ఆ మాటకు గవర్రాజు రంగులరాట్నం వైపు బయల్దేరబోయి ఆగిపోయాడు. గుర్రం మీది రంగు గీకి కారుకు అంటించలేం కదా. మళ్లీ కలుపుదామా అంటే, ఆ రంగు కలిపిన కళ్లకు ఇప్పుడు ఎరుపూ నలుపూ ఒక్కటే.

తరువాత గవర్రాజుకు చెయ్యి తిరిగింది. మంచి పనివాడని పేరొచ్చింది. ఎన్నో ఊళ్ల నుంచి రంగులు తెప్పించి ఆ గోరంత చోట వేసి చూశాడు. ఒకటి ముదురైంది, ఒకటి లేతైంది, ఒక్కటీ కలవలేదు. సాయిబు మాత్రం మళ్లీ ఎప్పుడూ, "ఎక్కడైనా రంగు లేచిందా అబ్బాయ్?" అని అడగలేదు. ఒక్కసారి అడిగితే బాగుండునని గవర్రాజు ఎన్నాళ్లో ఎదురుచూశాడు.

చెయ్యి చేసిన తప్పుకు మందుంటుంది పిల్లలూ. నోరు దాచిన తప్పుకు, మందు ఎదురుగా ఉన్నా అందదు.