మొదటి పేజీలో పేరు

ఓబులేసుకి ఆ రోజు పొద్దున వచ్చిన కష్టం మామూలుది కాదు. గెలిచే అవకాశమున్న పోటీని చేజేతులా వదులుకోవాలా, లేక గురువుగారి పేరు తన చేత్తో తనే తీసిపారేయాలా? రెండిట్లో ఏది చేసినా ప్రాణం ఉసూరుమనేదే.

ఓబులేసుది ప్రొద్దుటూరు. సినిమాలకి కథలు రాద్దామని హైదరాబాదు వచ్చి, యూసఫ్‌గూడలో ఇంకో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. ఎక్కడ స్క్రిప్టు పోటీ అని కనబడినా వదిలేవాడు కాదు. రాయడం, పంపడం, ఎదురుచూడటం, గెలిచినవాళ్ల పేర్లలో తన పేరు లేదని చూసుకోవడం, మర్నాడు ఇంకో పోటీ గురించి వాకబు చేయడం. "ఓబులేసు పంపాడంటే మిగతావాళ్లకి కొండంత ధైర్యం" అని గదిలోవాళ్లు ఆటపట్టించేవాళ్లు. అతనూ వాళ్లతో కలిసి నవ్వేసేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం.

ఊళ్లో మేనమామకి బట్టల కొట్టుంది. ఈ దసరాలోగా ఏదో ఒకటి తేలకపోతే వచ్చి కొట్లో కూర్చుంటానని వాళ్లమ్మకి మాటిచ్చాడు. దసరా రానే వచ్చేస్తోంది. మిగిలింది ఈ ఒక్క పోటీ. గెలిచిన కథని ఆ సంస్థవాళ్లే సినిమాగా తీస్తారు. అంటే మనవాడికి ఇది అటో ఇటో తేలిపోయే వ్యవహారం.

ఇక గురువుగారంటే పరాంకుశం గారు. మద్రాసు రోజుల నుంచీ సినిమా కథల్లో చెయ్యి పెట్టిన మనిషి. కథ ఎక్కడైనా మొరాయిస్తే నిర్మాతలు కారు పంపి మరీ ఆయన్ని పిలిపించుకునేవారు. ఆయన వెళ్లి, చర్చల్లో కూర్చుని, ఒక సీను ఇటు జరిపి, ఒక మాట అటు కోసి, కాఫీ తాగి వచ్చేసేవారు. సినిమా ఆడేది. తెర మీద పేరు ఇంకెవరిదో పడేది. ఆ పనికి పేరు వెయ్యరు, అది అక్కడి రివాజు. పరాంకుశం గారు ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఆయన ఎత్తకపోవడమే ఓబులేసుకి మింగుడుపడేది కాదు.

ఒకసారి పాత సినిమా ఒకటి మళ్లీ హాల్లో వేస్తే ఇద్దరూ కలిసి వెళ్లారు. ఒక సీను దగ్గర జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు మాత్రం పల్లీలు వొలుచుకుంటూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక ఓబులేసు గుచ్చి గుచ్చి అడిగితే, "ఆఁ, అదేదో అప్పుడు అలా కుదిరింది లే" అన్నారు. ఆ సీను ఆయనదన్నమాట! ఆ రాత్రి ఓబులేసుకి నిద్ర పడితే ఒట్టు. తను ఏం రాసినా సరే, మొదటి పేజీలో ఆయన పేరు ఉండి తీరాలని ఆ రోజే అనుకున్నాడు.

అనుకోడా మరి? ఆయన దగ్గర ఫీజు లేదు, పాఠం లేదు. వెళ్లి రాసింది వినిపించాలి. ఆయన కూరలు తరుక్కుంటూ వినేవారు. బాగాలేని చోట కత్తి ఆగిపోయేది. అంతే పాఠం. భోజనం వేళయితే నువ్వు తిన్నావా అని అడగడం కూడా ఉండదు, ఇంకో కంచం వచ్చి పక్కన కూర్చునేది. ఈ ఊళ్లో కన్నవాళ్లు లేని లోటు ఓబులేసుకి తెలియలేదంటే ఆ కంచం వల్లనే.

అందుకే ఈ పోటీకి స్క్రిప్టు తయారు చేసినప్పుడు, అన్నిటికన్నా పైన ఒక తెల్ల కాగితం పెట్టి, "నాకు అక్షరం దిద్దబెట్టిన గురువుగారు శ్రీ పరాంకుశం గారి పాదాలకు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో చేత్తో రాశాడు. నాలుగు మూలలా పసుపు పెట్టాడు. కళ్లకద్దుకుని బైండింగ్ చేయించాడు. రచయిత పేరు ఎక్కడా కనబడకూడదని పోటీ నిబంధనల్లో ఉంది. ఓబులేసు అది చదివాడు కూడా. చదివి, తన పేరు కదా ఉండకూడనిది, గురువుగారి పేరుకేం అనుకున్నాడు. గురువుకి దణ్ణం పెట్టకుండా పని మొదలుపెట్టమని ఏ నిబంధన మాత్రం అంటుంది?

ఆ పొద్దున ఫోన్ చేసినావిడ పేరు హిమజ. పోటీ వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. స్క్రిప్టు ఆఖరి వడపోత దాకా వచ్చిందని ముందు చల్లటి మాట చెప్పింది. తరవాత అసలు సంగతి చెప్పింది. పరాంకుశం గారి దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారో న్యాయనిర్ణేతల్లో కొందరికి తెలుసట. ఆ పేరు చూస్తే రాసిందెవరో చెప్పినట్టేనట. నిజానికి దాన్ని పక్కన పెట్టేయాలి. కానీ ఆవిడ ఆ కథ చదివింది, పక్కన పెట్టబుద్ధి కాలేదు, పైవాళ్లతో మాట్లాడి ఒప్పించింది. సాయంత్రం ఐదులోగా ఆ పేజీ లేని ప్రతి తెచ్చిస్తే సరిపోతుందంది.

ముక్కూ మొహం తెలియని మనిషి తన కోసం అంత చేసిందంటే ఓబులేసుకి నమ్మబుద్ధి కాలేదు. థాంక్స్ చెప్పాడు. చెప్పి, ఆ పేజీ మాత్రం తియ్యలేనండీ అన్నాడు. "ఐదు దాకా నేనిక్కడే ఉంటానండీ" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

అలాంటి పేజీతోనే తన దగ్గర ఉంచుకున్న ఇంకో ప్రతి చంకలో పెట్టుకుని ఓబులేసు గురువుగారింటికి బయల్దేరాడు. దిగులుగానే బయల్దేరాడు. కానీ దారి సగం అయ్యేసరికి, ఆ దిగులు పక్కనే చిన్న గర్వం ఒకటి మొలకెత్తింది. గురువు పేరు కోసం పోటీనే కాలదన్నుకున్న శిష్యుడు! ఈ మాట వింటే ఆయన కళ్లు చెమ్మగిల్లుతాయి, భుజం తడతారు, ఏమీ మాట్లాడలేకపోతారు. ఆ సీను మనవాడు దారి పొడుగునా రాసుకుంటూనే వెళ్లాడు. కథలు రాసేవాడు కదా, ఊరుకుంటాడా.

పరాంకుశం గారు వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ముందేసుకుని ఉన్నారు. ఓబులేసు నిలబడే అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఉంటే తను అనుకున్నట్టు గర్వం రాలేదు, ఏడుపు వచ్చింది. కొట్టు గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది.

ఆయన కాయలు సగం ఓబులేసు వైపు తోశారు. ఓబులేసు కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"ఏదీ, ఇటివ్వు" అన్నారు.

స్క్రిప్టు అందుకుని, కళ్లజోడు సర్దుకుని మొదటి పేజీ చూశారు. చాలాసేపు చూశారు. చూపుడువేలుతో మూలనున్న పసుపు తడిమారు.

"నీ దస్తూరీ బాగుంటుందిరా" అన్నారు.

ఆ మాటకే ఓబులేసు కడుపు నిండిపోయింది. ఆయన ఆ కాగితాన్ని బైండింగ్ లోంచి నెమ్మదిగా, మిగతా పేజీలు చిరగకుండా లాగుతుంటే, దాచుకుంటారు కాబోలు అనుకున్నాడు. దేవుడి పటం వెనక పెట్టుకుంటారేమో అని కూడా అనుకున్నాడు.

పరాంకుశం గారు ఆ కాగితాన్ని చాప మీద పరిచారు. చిక్కుడు ఈనెలు, పుచ్చిన కాయలు, తొడిమలు అన్నీ రెండు చేతులతో పోగేసి దాని మీద వేశారు. నాలుగు పసుపు మూలలూ దగ్గరికి లాగి పొట్లం కట్టారు. లేచి వెళ్లి చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

ఓబులేసుకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. కాగితం కాలికి తగిలితేనే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినవాడు. "సరస్వతండీ అది" అన్నాడు.

"సరస్వతి లోపల పేజీల్లో ఉంది. ఆ కాగితం మీదున్నది నా పేరు."

ఓబులేసు ఇక ఆపుకోలేకపోయాడు. హాల్లో అంతమంది చప్పట్లు కొట్టారనీ, పక్కన కూర్చున్న మనిషే అది రాశాడని ఒక్కడికీ తెలియలేదనీ, మీ పేరు ఎక్కడా లేదండీ, ఒక్క చోటైనా ఉండాలని రాశానండీ అనీ గబగబా అనేశాడు. తను ఈ ఊళ్లో ఒక ముద్ద తిన్నా, ఒక వాక్యం నేర్చుకున్నా ఈ వరండాలోనే అన్నాడు. ఆ రుణం ఎలా తీరుతుందని అడిగాడు.

పరాంకుశం గారు ఆ మాటలన్నీ అడ్డు చెప్పకుండా విన్నారు. ఆయనకి మాత్రం సంతోషం లేదా? మొహంలో కనబడుతూనే ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, స్క్రిప్టులో పేజీలు తిప్పుకుంటూ ఒక చోట ఆగారు.

ఓబులేసు కథ బొరుగులు, అదే మరమరాలు, వేయించే బట్టీ నడుపుకునే ఇద్దరు అక్కచెల్లెళ్లది. పోట్లాడుకుని చెల్లెలు ఊరు వదిలి వెళ్లిపోతుంటుంది. అక్క బస్టాండుకి వస్తుంది. మొదట్లో అక్కడ అక్క చేత పేజీడు మాటలు చెప్పించాడు ఓబులేసు. ఇప్పుడు అక్క ఒక్క మాట మాట్లాడదు. బస్సు కిటికీలోంచి చెల్లెలి కొంగు లాగి, దాని నిండా బొరుగులు పోసి, జారిపోకుండా ముడేస్తుంది. ఒకసారి వేసిన ముడి విప్పి మళ్లీ గట్టిగా వేస్తుంది. బస్సు కదులుతుంది.

"ఇక్కడ మాటలన్నీ ఎందుకు తీసేశావు?"

"మీరే చెప్పారు కదండీ. ఏడ్చే మనిషి చేతికి పనివ్వు, నోటికివ్వకు అని."

"నేను చెప్పానా?"

"మీరే చెప్పారండీ. ఇక్కడే."

"నాకెవరు చెప్పారు?"

ఆ మాట ఆయనదే అనుకున్నాడు ఓబులేసు ఇన్నాళ్లూ. దానికి ముందు ఇంకెవరి దగ్గరో ఉండి ఉంటుందని ఏనాడూ తోచలేదు.

"మా గురువుగారు. ఆయన పేరు నీకు తెలుసా?"

"తెలీదండీ."

"నేనెక్కడా రాయలేదు" అన్నారు పరాంకుశం గారు. "అయినా చూడు, నీ దాకా వచ్చారు."

ఓబులేసు తల వంచుకుని ఆ పేజీనే చూస్తూ ఉండిపోయాడు. తను రాసిన సీనే, తనకి కంఠతా వచ్చిన సీనే. ఎవరో పెద్దమనిషి, తను ఎన్నడూ చూడని మనిషి, ఆ బస్టాండులో ఓ పక్కన నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఆయన వెనకాల ఇంకెవరున్నారో ఏమో.

గురువుగారు స్క్రిప్టు మూసి అతని చేతుల్లో పెట్టారు. ఆవిడ ఐదు దాకా ఉంటానంది కదా, పాపం ఎదురుచూడనీయకు అన్నారు. నీ కోసం పైవాళ్లతో మాట్లాడిన మనిషికి ఇలాగేనా బదులిచ్చేది అని మెత్తగా చీవాట్లు పెట్టారు కూడా. ఆ మాట నిజమే. ఓబులేసుకి సిగ్గేసింది.

బస్సు పట్టుకుని పోటీవాళ్ల ఆఫీసుకి వెళ్లేసరికి హిమజ కిందికి దిగి గేటు దగ్గరే ఉంది. ప్రతి తీసుకుని మొదటి పేజీ తిప్పి చూసింది. పేరు లేదు, పసుపు లేదు, నేరుగా కథే మొదలవుతోంది. "మనసు కష్టపెట్టానేమో" అంది. లేదండీ, మీరు చేసిన మేలు మర్చిపోలేను అన్నాడు ఓబులేసు. ఫలితం ఏదైనా సరే అన్నాడు. అన్నాక చూసుకుంటే ఆ మాట నిజంగానే అన్నాడు. పోటీకి పంపి ఇంత నిబ్బరంగా నిలబడటం మనవాడికి అదే మొదలు.

తిరిగొచ్చేసరికి చిక్కుడుకాయ కూర దింపి ఉంది. రెండు కంచాలు వేసి ఉన్నాయి. ఓబులేసు కూర్చోబోతూ ఆగి, మీ గురువుగారి పేరేమిటండీ అని అడిగాడు.

పరాంకుశం గారు వడ్డించడం ఆపి చెప్పారు. చెప్పి, ఆయన ఎలా నడిచేవారో, ఎలా విసుక్కునేవారో, మద్రాసులో తనకి ఎన్నిసార్లు కడుపునిండా పెట్టారో చాలాసేపు చెబుతూనే ఉన్నారు. చెబుతుంటే ఆయన గొంతు కుర్రవాడి గొంతులా అయిపోయింది.

ఓబులేసు అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు. ఆ పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు.