స్వాగత సంఘం వారి విశ్రాంతి గది

ఐదు అడవుల ఆటల పోటీలు ఆ ఏడు మొదటిసారిగా జీలుగుమెట్ట అడవికి వచ్చాయి. పన్నెండు వందల నలభై మంది ఆటగాళ్ళు, నాలుగు ద్వారాలు, మూడు రోజులు. వీటన్నిటినీ పట్టి ఉంచింది ఒక్క మాట. "ఈ మూడు రోజులూ మా గడ్డ మీద ఎవరి పన్నూ ఎవరికీ తగలదు" అని ఏనుగు గజపతయ్య తొండమెత్తి మిగతా నాలుగు అడవులకీ మాటిచ్చాడు. అది నమ్మే కుందేళ్ళు పులుల పక్కన వరుసలో నిలబడటానికి ఒప్పుకున్నాయి. ఒక్క కుందేలు తగ్గినా ఆటలు అక్కడితో ఆఖరు.

ఆ మాట నిలబెట్టే పని తీతువు పిట్ట ముత్యాలు నెత్తిన పడింది. అడుగు చప్పుడైతే చాలు, అడవంతా లేచేలా అరవగలదు. అంతకన్నా బాగా లెక్కపెట్టగలదు. లోపలికెళ్ళిన ప్రతి ఆటగాడికీ ద్వారం దగ్గర కుండలో ఒక గులకరాయి వేయించేది, బయటికొస్తే ఒకటి తీయించేది. సాయంత్రానికి నాలుగు ద్వారాల కుండలకీ మైదానానికీ లెక్క సరిపోవాలి.

స్వాగత సంఘం అధ్యక్షుడు నక్క జోగారావు. మెడలో ఎప్పుడూ పూలదండ. ద్వారం దగ్గర కాపలా కాసే దున్నలు ఉడుతల బుగ్గలు కూడా తెరిపించి చూసేవి కానీ, పూలదండ కనిపిస్తే సోదా మానేసి సలాం కొట్టేవి.

ఆటలు మొదలయ్యే రోజు పొద్దున్నే జోగారావు ఏనుగు దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దయ్యగారూ, పరాయి అడవుల వాళ్ళు ముహూర్తం చూసుకుని వచ్చారు. ఈ తీతువు కూత శుభమా, మీరే చెప్పండి. ఎవరి చెవిన పడినా కాలు వెనక్కి తీస్తారు."

గజపతయ్యకి అలాంటి పట్టింపులు జాస్తి. వెంటనే పిలిపించాడు. "ముత్యాలూ, మొదటి పందెం అయి గెలిచినవాళ్ళకి దండ వేసేదాకా నీ నోటి వెంట కూత రాకూడదు."

"అరవకుండా కాపలా ఎలా కాయమంటారు పెద్దయ్యగారూ?"

"కళ్ళున్నాయిగా అమ్మాయ్, చూస్తూ కూర్చో" అన్నాడు జోగారావు, దండ సవరించుకుంటూ.

ముత్యాలు చూస్తూ కూర్చుంది. మైదానం చివర స్వాగత సంఘం తవ్వించిన 'అలసిన ఆటగాళ్ళ విశ్రాంతి గది' కనిపించింది. నేలలోకి చల్లని బొరియ, గుమ్మానికి మావిడాకులు. పందికొక్కులు రెండు రోజులుగా అందులోంచి మన్ను మోస్తున్నాయి. ఆ బుట్టల్ని కూడా ఆమె లెక్కపెట్టకుండా వదల్లేదు.

నాలుగు బారల గదికి ఇరవై బుట్టల మన్ను రావాలి. వచ్చింది ముప్పై ఐదు. ఇరుకు సొరంగానికైతే బారకి మూడు బుట్టలు. మిగిలిన పదిహేను బుట్టలకి ఐదు బారలు. గది గోడ నుంచి మైదానం కంచెకి నాలుగున్నర బారలు.

ముత్యాలు ఎగిరి కంచె అవతల వాలింది. తుప్ప కింద కన్నం. సరిగ్గా ఒక నక్క నడుమంత వెడల్పు.

పరుగున వచ్చి ఏనుగు చెవిలో చెప్పింది. గజపతయ్య చెవి విదిలించాడు. "గాలి రావడానికి కన్నం పెట్టించానని జోగారావు నిన్ననే చెప్పాడు. శుభమా అని ఆటలు మొదలవుతుంటే అధ్యక్షుడి మీద నింద వేస్తావా? రుజువు తే."

'రుజువు అంటే కుందేలు బొచ్చు కాబోలు' అనుకుంది ముత్యాలు. రుజువు దొరికేసరికి కుందేలు ఉండదు.

ఆమె తిన్నగా ఏదుపంది అప్పలకొండ దగ్గరికి వెళ్ళింది. అప్పలకొండ పేరు ఏ పోటీలోనూ లేదు. పక్కన నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు మరి.

"మావా, నీకో పోటీ ఉంది."

"పరుగెత్తాలా?"

"అక్కర్లేదు. విశ్రాంతి గదిలో కదలకుండా కూర్చోవాలి."

"అందులో నన్ను కొట్టేవాడు లేడే పిల్లా" అన్నాడు అప్పలకొండ. ముత్యాలు ఆటగాళ్ళకి అంటించే మోదుగాకు ఒకటి అతని నుదుటికి అంటించింది. దాని మీద నలభై ఒకటి అని అంకె. కుందేళ్ళలో పరుగుకి పేరుపడ్డ గవ్వలు అనే పిల్లదాని నంబరు అది. మొదటి పందెం గెలిచి, అలసి ముందుగా ఆ గదికి వెళ్ళేది ఆ పిల్లేనని ముత్యాలు లెక్క.

పందెం మొదలైంది. అందరూ అనుకున్నట్టే గవ్వలు గెలిచింది. గసపోసుకుంటూ గీత దాటి కూలబడింది. వేదిక మీద జోగారావు గొంతులో తేనె కారింది.

"నలభై ఒకటో నంబరు తల్లి విశ్రాంతి గదికి వెళ్ళాలి. పాపం, ఎవరూ వెంట వెళ్ళి విసిగించకండి!" తర్వాత ఏనుగు వైపు వంగి, "కాలు తిమ్మిరెక్కిందండీ, అలా నాలుగడుగులు వేసొస్తా" అని జారుకున్నాడు.

గవ్వలు గది వైపు తిరిగింది. ముత్యాలు నోరు విప్పకుండా అడ్డంగా వాలి, రెక్కతో నీళ్ళ తొట్టి చూపించింది. పిల్లది అటు నడిచింది. ముత్యాలు ఎగిరి జెండా కర్ర ఎక్కి కూర్చుంది. ఒకటి, రెండు, మూడు... కంచె చుట్టి తుప్ప దగ్గరికి చేరడానికి నక్కకి నలభై లెక్క పడుతుంది. సొరంగం పాకడానికి మరో ఇరవై.

లోపల చీకట్లో జోగారావుకి మోదుగాకు ఒక్కటే మసగ్గా కనబడింది. నలభై ఒకటి.

"అలసిపోయావా బంగారం?" అన్నాడు.

"ఊఁ" అన్నాడు అప్పలకొండ, వీపు అటు తిప్పుతూ.

జోగారావు నోరంతా తెరిచి పట్టాడు.

అరవై ఒకటో లెక్కకి మైదానం దద్దరిల్లింది. అలాంటి ఊళ ఆ అడవిలో ఎవరూ విని ఉండరు. జోగారావు వచ్చిన దారినే పారిపోవాలని చూశాడు. కానీ సొరంగం తన నడుము కొలతకి తవ్వించుకున్నాడాయె, మూతి చుట్టూ గుచ్చుకున్న ముళ్ళు ఆ కొలతలో లేవు. ఒక్కో ముల్లూ గోడకి తగిలి ఇంకాస్త లోపలికి దిగింది. ఇక గతిలేక ముందు గుమ్మంలోంచి, మావిడాకుల కింద నుంచి, ఐదు అడవుల కళ్ళెదుటా బయటపడ్డాడు. మెడలో దండ అలాగే ఉంది.

ఏనుగుకి ఇంకా ఏమీ అర్థం కాలేదు. కళ్ళెర్రజేసి జెండా కర్ర వైపు చూశాడు. "ముత్యాలూ! దండ వేసేదాకా అరవొద్దన్నానా? ఏమిటా అపశకునపు కూత?"

"నేను నోరు విప్పలేదు పెద్దయ్యగారూ" అంది ముత్యాలు, పందెం మొదలయ్యాక మొదటిసారి నోరు విప్పి. "అది మీ స్వాగత సంఘం అధ్యక్షులవారి గొంతు. మీరడిగిన రుజువు కూడా ఆయన మూతి మీదే ఉంది. లెక్కపెట్టాను, పద్నాలుగు."

అప్పలకొండ గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. "పదిహేనే పిల్లా! ఒకటి నాలుక మీద ఉంది. నేను గెలిచినట్టేనా?"

పులులు ముందు నవ్వాయి, తర్వాత కుందేళ్ళు. గజపతయ్య నక్క మెడలో దండ తొండంతో తీసి విసిరేశాడు. కొత్త దండలు రెండు తెప్పించి ఒకటి గవ్వలు మెడలో వేశాడు, రెండోది అప్పలకొండకి అల్లంత దూరం నుంచే వేశాడు. సాయంత్రం కుండలన్నిట్లో కలిపి రాళ్ళు పన్నెండు వందల నలభై. మైదానంలో ఆటగాళ్ళూ అంతే. మర్నాటి నుంచి పందేలు తీతువు కూతతోనే మొదలయ్యాయి.

కాపలాదారు నోరు మూయించాలని ఎవడు ముందుగా తొందరపడతాడో, ముందుగా వాడి పళ్ళే లెక్కపెట్టాలి.